మల్బరీ ఆకు దండిగా ఉంది, పట్టుగూళ్లు మాత్రం పలుచన: యూరియా పెంచాలా?

పలమనేరు దగ్గర ఎకరా వి1 రకం మల్బరీ, పంటకి రెండున్నర బస్తాల యూరియా, ఆకు నల్లగా ఏపుగా ఉన్నా గూళ్లు పలుచగా వస్తున్నాయి, పైగా తుక్రా (చిగుళ్లు ముడుచుకుపోయే జబ్బు) పట్టింది, ఇంకో అర బస్తా వెయ్యనా అని మీరు అడిగారు. వద్దండీ, ఇప్పటికే ఎక్కువైంది.

పట్టుపురుగుకి కావలసింది ఆకులోని మాంసకృత్తులు, అంటే ప్రొటీన్. వేరు పీల్చిన నత్రజని ముందు విడి అమైనో ఆమ్లాలుగా మారి, ఆ తర్వాతే ప్రొటీన్‌గా అల్లుకుంటుంది. ఆ అల్లికకి ఎండ, పొటాష్, గంధకం, తగినన్ని రోజులు కావాలి. అవి చాలకుండా యూరియా ఒక్కటే గుమ్మరిస్తే పని సగంలో ఆగిపోతుంది. ఆకు చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అది నీళ్లాకు, అంటే నీరెక్కువ, సత్తువ తక్కువ. ల్యాబ్ ఇచ్చే ప్రొటీన్ లెక్కని కూడా పూర్తిగా నమ్మలేం. అక్కడ నత్రజని కొలిచి 6.25తో హెచ్చిస్తారు కాబట్టి అల్లుకోని సరుకు కూడా ప్రొటీన్ కిందే జమవుతుంది.

మీ తుక్రాకీ దీనికీ సంబంధం ఉంది. తుక్రా తెచ్చే పిండినల్లి ఆకు నమలదు, రసం పీలుస్తుంది. రసంలోని విడి అమైనో ఆమ్లాలే దానికి మేత. మీరు అదనంగా వేసే యూరియాతో ముందు బలిసేది అదే.

ఇక దారం సంగతి. పట్టుదారంలోని ఫైబ్రాయిన్‌లో 80 శాతం పైగా గ్లైసీన్, అలనీన్, సెరీన్ అనే మూడే ఉంటాయి. వీటిని పురుగు తన ఒంట్లోనే తయారుచేసుకోగలదు. మెథియోనిన్, లైసిన్, ట్రిప్టోఫాన్ లాంటి పదింటిని చేసుకోలేదు, ఆకులోంచే రావాలి. వాటిలో ఒక్కటి కొరవడినా ఒళ్లూ పట్టుగ్రంథీ సరిగా ఎదగవు, మిగిలిన నత్రజని యూరిక్ ఆమ్లంగా బయటికి పోతుంది. గంధకం లేనిదే మొక్క మెథియోనిన్ చెయ్యలేదు. యూరియాలో గంధకం ఉండదు.

నీటి వసతి ఉన్న వి1కి ఎకరాకి ఏడాదికి 140 కిలోల నత్రజని, 56 భాస్వరం, 56 పొటాష్, 8 టన్నుల పశువుల ఎరువు సిఫారసు. అయిదు పంటలకి పంచితే పంటకి 28 కిలోల నత్రజని, అంటే 60 కిలోల యూరియా చాలు. బస్తా 45 కిలోల లెక్కన మీరు వేసేది 112 కిలోలు, దాదాపు రెట్టింపు. ఈసారి 40 కిలోల యూరియా, 45 కిలోల అమ్మోనియం సల్ఫేట్ వెయ్యండి. నత్రజని అంతే వస్తుంది, పది కిలోల పైన గంధకం కూడా అందుతుంది. మట్టి ఆమ్లగుణంతో ఉంటే అమ్మోనియం సల్ఫేట్ వద్దు, కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించండి. పొటాష్ మానొద్దు. కొమ్మ కత్తిరించిన మూడు వారాలకి ఎరువేసి నీళ్లు పెట్టండి. ఆకు కోయబోయే ముందు మాత్రం యూరియా జోలికి పోవద్దు.

మేపులో: చాకీ పురుగులకి (మొదటి రెండు దశల పిల్ల పురుగులకి) లేతాకు, నాలుగో దశ నుంచి 55–60 రోజుల కొమ్మ. ఇంకా ముదిరితే కింది ఆకుల ప్రొటీన్ కరిగి పైచిగుళ్లకి పోతుంది, పీచు మిగులుతుంది. పసుపెక్కినవి, నీడలో పెరిగినవి, తుక్రా పట్టినవి ఏరి పారెయ్యండి. పురుగు మొత్తం తినేదాంట్లో 80 శాతం పైన అయిదో దశలోనే తింటుంది, అక్కడ నాసిరకం ఆకు పడితే తర్వాత దిద్దుకోలేం.

  

మేపిన మర్నాడు పురుగుల బెడ్ కింద పిక్కలు (పురుగుల పెంటికలు) చూడండి. ఆరు నిలువు గాడులు తేలి, గట్టిగా, విడివిడిగా ఉంటే ఆకు బాగున్నట్టు. మెత్తగా, తడిగా, ఒకదానికొకటి అంటుకుంటే నీళ్లాకు పడ్డట్టు. అలాంటప్పుడు బెడ్ ఆరబెట్టి, సున్నం చల్లి, గాలి ఆడనివ్వండి.

పంట దిగాక 25 గూళ్లు తూచి, కోసి, ప్యూపానీ (లోపలి పురుగుని) అది విడిచిన పొరనీ తీసేసి, పెంకులు (ఖాళీ పట్టుగూళ్లు) మాత్రం తూచండి. పెంకుల బరువుని గూళ్ల బరువుతో భాగించి 100తో హెచ్చిస్తే శాతం వస్తుంది. బైవోల్టిన్‌కి (ఏడాదికి రెండు తరాల పట్టుపురుగు రకానికి) 20కి పైన రావాలి. ఈ పంటదీ ఎరువు మార్చాక వచ్చే పంటదీ రాసిపెట్టి ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.