‘డాంకె’ (థాంక్స్) అంటే బదులు ఏమనాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి కరీంనగర్‌లో పని చేస్తున్నాను. జర్మనీ వెళ్లాలని జర్మన్ నేర్చుకుంటున్నాను, బీ1 (మూడో స్థాయి) నడుస్తోంది. మాక్ ఇంటర్వ్యూ చివర్లో మేడమ్ ‘ఫీలెన్ డాంక్’ (చాలా థాంక్స్) అంటే ‘విల్‌కొమెన్’ అన్నాను. అందరూ నవ్వారు. అసలు ఇంటర్వ్యూ తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఏమని ఉండాల్సింది?

జవాబు: ఇంగ్లిష్ మీదుగా జర్మన్‌లోకి వెళ్లేవాళ్లు చాలామంది ఇక్కడే జారిపడతారు. ‘యూ ఆర్ వెల్‌కమ్’లోంచి వెల్‌కమ్‌ని పట్టుకొచ్చి విల్‌కొమెన్ చేసేస్తాం. జర్మన్‌లో ఆ మాట ఇంటికో ఊరికో వచ్చినవాళ్లకు స్వాగతం చెప్పడానికే. థాంక్స్ చెప్పి లేవబోతున్న మనిషిని ‘రండి, రండి’ అన్నట్టయింది. నవ్వరా మరి!

మామూలు జవాబు ‘బిట్టె’. వార్డులో పేషెంట్‌కు మంచినీళ్ల గ్లాసు అందిస్తూ ‘బిట్టె’ అంటారు. ఆయన ‘డాంకె’ అంటాడు. మీరు మళ్లీ ‘బిట్టె’ అంటారు. ‘దయచేసి’ అనడానికీ అదే మాట. సరిగా వినపడకపోతే మాత్రం ‘వీ బిట్టె?’ అని అడగండి. ఇంకాస్త ఆప్యాయంగా ఉండాలంటే ‘గెర్నె’, లేదా ‘గెర్న్ గెషేయెన్’, అంటే సంతోషంగానే చేశాను అని. పెద్దావిడ ఎవరైనా చెయ్యి పట్టుకుని మరీ థాంక్స్ చెబితే మనకు ‘అయ్యో, దానికేముందమ్మా’ అని వస్తుంది కదా, దానికి దగ్గరిది ‘నిష్ట్స్ త్సు డాంకెన్’. ‘కైన్ ప్రొబ్లేమ్’ తోటి నర్సులతో సరే, ఇంటర్వ్యూలో వద్దు.

ఇక మీ అసలు సమస్య. ఇంటర్వ్యూ ముగిశాక వాళ్లు ‘ఫీలెన్ డాంక్’ అంటే ‘బిట్టె’ కూడా అంత బాగోదు. మీరేదో వాళ్లకు మేలు చేసినట్టు వినిపిస్తుంది. సమయం ఇచ్చింది వాళ్లు కదా! అక్కడ ‘ఇష్ డాంకె ఈనెన్’ అనండి, ‘నేనే మీకు థాంక్స్ చెప్పాలి’ అన్నట్టు. తర్వాత వాళ్లు ‘షోనెన్ టాగ్ నోఖ్’ (ఈ రోజు బాగా గడవాలి) అంటే మీరు ‘డాంకె, గ్లైష్‌ఫల్స్’ అనండి, థాంక్స్, మీకూ అలాగే అని. ఊరికే తల ఊపి ఊరుకోకండి. మన తల ఊపుడు అవునో కాదో వాళ్లకు తేలదు.

ఇంకో చిక్కు: కాఫీ ఇవ్వమంటారా అని అడిగితే మొహమాటంగా ‘డాంకె’ అన్నారనుకోండి, వద్దన్నారనుకుంటారు. ‘యా, గెర్నె’ అంటేనే కప్పు వస్తుంది. మొదటి వారం కాఫీ దక్కకపోతే కారణం ఇదే కావచ్చు.

థాంక్స్‌కు జవాబుగా హాంబుర్గ్ వైపు ‘డా నిష్ ఫ్యూర్’, బవేరియాలో ‘పస్ట్ షోన్’ అని కూడా వింటారు. అర్థమైతే చాలు, మీరు అననక్కర్లేదు.

గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఏ1 (మొదటి స్థాయి) జర్మన్ మాట్లాడే పరీక్షలో మూడో భాగం గుర్తుందా? బొమ్మ ఉన్న కార్డు చూసి ఒకరు ఏదైనా అడగాలి, ఇంకొకరు స్పందించాలి. ఆ కార్డులు మళ్లీ బయటకు తీయండి. ప్రతిసారీ ‘డాంకె’, దానికి జవాబు కూడా కలిపి, రూమ్మేట్‌తో రోజూ పది నిమిషాలు పైకి అనండి. ఇంటర్వ్యూ ముగింపు మాటల్ని మాత్రం కుర్చీలోంచి లేస్తూ ప్రాక్టీస్ చేయండి, ఆ రోజు చెప్పాల్సింది అలాగే కదా.