కండరంలో కాల్షియం గురించి రాయబోయే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

కండరాల్లో కాల్షియం ఛానెళ్ల మీద నువ్వు పంపిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. నీ మొదటి వాక్యం ఇది: "కాల్షియం ఛానెళ్లు తెరుచుకోగానే కాల్షియం లోపలికి వెళ్లి కండరం ముడుచుకుంటుంది." ముందు దీని సంగతే చూద్దాం. మిగతా చిక్కులన్నీ ఇందులోంచే పుట్టాయి. ఏ కండరం? కాల్షియం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది? ముడుచుకున్నది మళ్లీ ఎలా వదులైంది? ఈ మూడింటికీ నీ వాక్యంలో జవాబు లేదు.

అంకెలతో మొదలుపెట్టు. విశ్రాంతిలో ఉన్న కండర కణం లోపలి ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం లీటరుకు సుమారు 100 నానోమోళ్లు. కణం బయట ఒక మిల్లీమోల్ పైచిలుకు. అంటే దాదాపు పదివేల రెట్ల తేడా. తలుపు తెరిస్తే కాల్షియం లోపలికి దూకడానికి కారణం ఈ తేడాయే. నిండు చెరువు, దిగువన ఎండిన పొలం, మధ్యన తూము: మన పాఠకులకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. 'ఛానెల్' అనే రాయి, కానీ 'కాలువ' అని అనువదించకు. తూముకు తలుపుంటుంది, ఇక్కడ పనంతా తలుపుదే.

ఇక ఏ కండరం అన్న ప్రశ్న. చేతులూ కాళ్లూ కదిలించే అస్థి కండరంలో పొర మీదుండే ఛానెల్ పేరు సీఏవీ 1.1. నాడి ఆజ్ఞతో పుట్టిన విద్యుత్ సంకేతం, కణపు పొర లోపలికి మడతపడి ఏర్పడిన సన్నటి గొట్టాలైన టి-నాళాల వెంట లోతుకు దిగగానే దీని ఆకారం మారుతుంది. ఎదురుగా, సుమారు 12 నానోమీటర్ల సందు అవతల, కణంలోని కాల్షియం గిడ్డంగి ఉంది. దాని పేరు సార్కోప్లాస్మిక్ జాలకం. ఆ గిడ్డంగి గోడకున్న తూము రయానోడిన్ గ్రాహకం. మొదటిది రెండోదాన్ని నేరుగా లాగి తెరుస్తుంది, గొలుసు లాగితే తలుపు లేచినట్టు. ఆ క్షణాన బయటి కాల్షియం లోపలికి రావలసిన పనే లేదు. 1972లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజనీయా, హోరోవిచ్ అనే శాస్త్రవేత్తలు చుట్టూ కాల్షియం దాదాపు లేకుండా చేసినా కప్ప కండర తంతువులు ముడుచుకుంటాయని చూపించారు.

గుండె అలా కాదు. అక్కడ సీఏవీ 1.2 గుండా కొద్దిపాటి కాల్షియం నిజంగానే లోపలికి వస్తుంది. ఆ కొంచెమే గిడ్డంగి తూమును తెరిచి ఎక్కువ కాల్షియాన్ని వదిలిస్తుంది. 1880ల తొలినాళ్లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెలను ఉప్పు ద్రావణంలో కొట్టుకునేలా చేశాడు. కుళాయి నీళ్లతో చేసిన ద్రావణంలో బాగా కొట్టుకున్న గుండె, స్వేదన జలంతో చేసినప్పుడు నీరసించిపోయింది. తేడా లండన్ నీళ్లలో ఉన్న కాల్షియంది. 1883లో ఆయనే ఆ సంగతి ప్రకటించాడు. ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి వ్యాసం మొదలుపెట్టు. బయట కాల్షియం లేకపోతే గుండె ఆగింది, కాలి కండరం ఆగలేదు. ఎందుకని పాఠకుడే అడుగుతాడు.

రక్తనాళాల గోడల్లో, పేగుల్లో ఉండే నునుపు కండరానికి ఒక పేరా చాలు. మిగతా రెండు కండరాల్లో కాల్షియాన్ని అందుకునే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ అక్కడ లేదు. కాల్షియం కాల్‌మాడ్యులిన్ అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, ఆ జంట ఒక ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము, కండరాన్ని లాగి ముడిచే ప్రొటీన్ మయోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఇన్ని మెట్లున్నాయి కాబట్టే పని నెమ్మది.

"కాల్షియం కండరానికి శక్తినిస్తుంది" అని రాశావు. కొట్టెయ్. అస్థి కండరంలో, గుండెలో కాల్షియం ట్రోపోనిన్‌ను పట్టుకుంటుంది. దాంతో అడ్డుగా ఉన్న ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ పక్కకు జరిగి, మయోసిన్ తలలకు అవి పట్టుకుని లాగే యాక్టిన్ పోగు అందుతుంది. కాల్షియం చేసేది అంతే. శక్తి, కణాలు ఖర్చుపెట్టుకునే ఇంధనం లాంటి ఏటీపీ అనే పదార్థానిది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1929లో కండరంలో గుర్తించిన పదార్థం అదే. ఆ పేరు ఇక్కడ సహజంగా ఇముడుతుంది, వాడుకో.

నువ్వు అసలు ముట్టుకోని భాగం కాల్షియాన్ని వెనక్కి తోడడం. తూముంటే ఏతం కూడా ఉండాలి. సెర్కా అనే పంపు ఒక్కో ఏటీపీ ఖర్చుతో రెండు కాల్షియం అయాన్లను గిడ్డంగిలోకి ఎక్కిస్తుంది. గుండె కణాల్లోనైతే కొంత కాల్షియాన్ని, మూడు సోడియం అయాన్లను లోపలికి తీసుకుని ఒక కాల్షియాన్ని బయటకు పంపే మార్పిడి ప్రొటీన్ తోసేస్తుంది. ఈ తోడడం ఎంత ముఖ్యమో చూపడానికి మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియాను ఉదాహరణగా తీసుకో. రయానోడిన్ గ్రాహకం జన్యువులో లోపమున్న మనిషికి హాలోథేన్ వంటి మత్తు వాయువో, సక్సినైల్ కోలిన్ అనే మందో ఇస్తే గిడ్డంగి తూము మూసుకోదు. కాల్షియం కారుతూనే ఉంటుంది, పంపు తోడుతూనే ఉంటుంది, ఏటీపీ కరిగిపోతుంది. కండరాలు బిగుసుకుపోతాయి, ఒళ్లు కాలిపోతుంది. డాంట్రోలీన్ ఆ కారడాన్ని తగ్గించే మందు. తూము, ఏతం, ఖర్చు, మూడూ ఒకేచోట కనిపిస్తాయి గనుక దీనికి చోటు ఎక్కువే ఇవ్వు.

కొంకర్ల గురించి జాగ్రత్త. రక్తంలో కాల్షియం తగ్గితే చేతులు కొంకర్లు పోతాయి. కండరానికి కాల్షియం కావాలి కదా, తగ్గితే వదులవ్వాలి గదా అని పాఠకుడు తికమకపడతాడు. కారణం నాడిలో ఉంది. బయట కాల్షియం తగ్గితే నాడుల్లోని సోడియం ఛానెళ్లు చిన్న కదలికకే తెరుచుకుంటాయి, నాడి తనంతట తాను ఆజ్ఞలు పంపుతుంది. కండరం తన గిడ్డంగి కాల్షియంతోనే ముడుచుకుంటుంది.

బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లు నీ పాఠకుల్లో చాలామంది ఉంటారు. 'కాల్షియం ఛానెల్ బ్లాకర్' అని చదివి, ఎముకల్లో కాల్షియం పోతుందేమోనని భయపడతారు. అది అడ్డుకునేది కణపు పొర మీది తూమునే అని ఒక వాక్యంలో చెప్పు. రక్తనాళపు గోడలోని సీఏవీ 1.2 మూసుకుంటే నాళం వదులై ఒత్తిడి తగ్గుతుంది. చేతుల బలం తగ్గకపోవడానికి ముఖ్య కారణం నువ్వు ఈపాటికే రాసి ఉంటావు: అస్థి కండరానికి బయటి కాల్షియం వెంటనే అక్కర్లేదు. మడమల దగ్గర వాపు వస్తే మాత్ర సొంతంగా మానకుండా వైద్యుణ్ణి అడగమని అక్కడే రాయి, అడుగున చిన్న అక్షరాల్లో వద్దు.

బొమ్మ గీసేవారికి మూడు కండరాలకు మూడు బొమ్మలు అడుగు. బాణాల్లో కాల్షియం లోపలికి వచ్చేవి ఒక రంగులో, వెనక్కి వెళ్లేవి ఇంకో రంగులో ఉండాలి. అస్థి కండరం బొమ్మలో రెండు ఛానెళ్ల మధ్య కాల్షియం బాణం గీస్తే తప్పు. అక్కడ గొలుసు గీయించు.

తిరగరాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య