బాబు లివర్ టెస్టు, సూట్‌కేసులో వచ్చిన మందుల డబ్బా

మీ బాబు లివర్ రక్తపరీక్షలో ఏఎల్‌టీ 68 అని శుక్రవారం రాత్రి ఫోన్లో ఎర్రగా కనబడేసరికి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదని రాశారు. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి ఉన్న ఫెడరల్ నిబంధనల వల్ల ల్యాబ్ రిపోర్టు చాలాసార్లు డాక్టరు చూడకముందే మన చేతికొచ్చేస్తుంది. చెప్పేవాళ్లు ఉండరు, గూగుల్ మాత్రం ఉంటుంది. ఇక టెన్షన్ కాక ఏముంటుంది!

ఏఎల్‌టీ అంటే ఇండియాలో ఎస్‌జీపీటీ అనేదే. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది. లివర్ సరిగ్గా పనిచేస్తోందా అన్నది తెలియాలంటే బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు) చూడాలి. మీవాడికి అవి బాగానే ఉన్నాయంటున్నారు కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకోండి. అలాగని వదిలేయకండి. నిపుణుల లెక్కలో ఏఎల్‌టీ మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22 దాటితే చాలు, ఎక్కువే. చాలా ల్యాబులు పెద్దవాళ్ల హద్దే అచ్చేస్తాయి, అందుకే 38 ఉన్నా ఎర్ర గుర్తు పడకపోవచ్చు. అదే రిపోర్టులో కనిపించే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే మరో అంకె సంగతి దీనికి రివర్సు: ఎదిగే ఎముకల వల్ల పిల్లల్లో అది మామూలుగానే పెద్దవాళ్ల హద్దు కంటే ఎక్కువ ఉంటుంది.

వైరల్ జ్వరం తర్వాత ఏఎల్‌టీ పెరిగి మెల్లగా దిగడం మామూలే. డాక్టరు కొన్ని వారాలాగి మళ్లీ రక్తం తీద్దామంటే అది నిర్లక్ష్యం కాదు. మూడు నెలలైనా దిగకపోయినా, 80 దాటినా పిల్లల గ్యాస్ట్రో డాక్టరుకు రిఫరల్ అడగండి. బాబు బొద్దుగా ఉంటే ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొవ్వు చేరడం) మాట ముందే వస్తుంది, చిన్నబుచ్చుకోకండి.

అసలు చిక్కంతా నర్సు "ఏం మందులు వాడుతున్నారు" అన్నప్పుడు వస్తుంది. మనవాళ్లు ఠక్కున ఏమీ లేవంటారు. ఇంటికొచ్చి చూస్తే అమ్మ సూట్‌కేసులో సర్దిన డబ్బాలో పారాసెటమాల్ సిరప్, తిప్పతీగ మాత్రలు, పేరులేని చూర్ణం ఒకటి. ఇక్కడి టైలెనాల్, అక్కడి పారాసెటమాల్ ఒకటే మందు, మోతాదు మించితే లివర్‌కే దెబ్బ. ఇక్కడి పిల్లల సిరప్‌లో 5 ఎంఎల్‌కు 160 మిల్లీగ్రాములు. మనం తెచ్చుకున్న దాంట్లో 120 ఉండొచ్చు, 250 కూడా ఉండొచ్చు. దాని మీద జలుబు మందు కూడా పట్టారా, అందులోనూ అదే ఉండే అవకాశం ఉంది. తిప్పతీగ వాడిన కొందరు పెద్దవాళ్లకు లివర్ దెబ్బతిన్నట్టు కోవిడ్ రోజుల్లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. డబ్బాలో ఉన్నవన్నీ ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. ఎవరూ తిట్టరు. ఊళ్లో పసరు మందు ఉంది, కొరియర్ చేస్తామనే పెదనాన్నకు మాత్రం మర్యాదగా వద్దని చెప్పండి.

మీది మేనరికమైతే అదీ దాచొద్దు. శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి లాంటివి అలాంటి కుటుంబాల్లో వచ్చే అవకాశం ఎక్కువ. త్వరగా పట్టుకుంటే దానికి మంచి మందులున్నాయి. దాన్ని పట్టుకోవడానికి సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్) పరీక్ష రాస్తే వద్దనకండి.

ఇన్సూరెన్స్ హెచ్ఎంఓ (స్పెషలిస్టును చూడాలంటే ముందు మీ డాక్టరు రిఫరల్ కావాలనే రకం) అయితే రిఫరల్ చేతికొచ్చాకే అపాయింట్‌మెంట్ తీసుకోండి. రక్తం తీసే ల్యాబు కూడా నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూసుకోండి.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం తెల్లగా పాలిపోయినా, ఊరికే కమిలిన మచ్చలు పడుతున్నా, వాంతులు ఆగకపోయినా, పిల్లాడు మత్తుగా తికమకగా ఉన్నా సోమవారం దాకా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. పారాసెటమాల్ ఎక్కువ పడిందేమోనని అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా వెంటనే పాయిజన్ కంట్రోల్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి: 1-800-222-1222. ఏ వేళలోనైనా ఎత్తుతారు, డబ్బులు అడగరు.