కనిపించని శ్రోతకు కుర్చీ వేయడం

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా,

నీ ఉత్తరం చదివాను. విశ్వవిద్యాలయం తరఫున ప్రజల కోసం జరిపే ఆన్‌లైన్ ప్రసంగాల బాధ్యత నీకు అప్పగించారనీ, మొదటి ప్రసంగానికి ఇంకా ఆరు వారాలే ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. నేను ఇరవై ఏళ్లకు పైగా స్మారకోపన్యాసాలూ, ధర్మనిధి ఉపన్యాసాలూ సభామందిరాల్లో నడిపాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక అవే ఉపన్యాసాలను ఏ అనుభవమూ లేకుండా తెర మీదికి మార్చవలసి వచ్చింది. అప్పుడు చేసిన పొరపాట్లతో సహా నాకు తెలిసినదంతా నీకు చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

సభామందిరంలో శ్రోత మన కళ్లెదుట ఉంటాడు. వెనుక వరుసలో వినబడడం లేదని చెయ్యి ఊపితే మైకు సరిచేస్తాం, చోటు చాలకపోతే పక్క గదిలోంచి కుర్చీలు తెప్పిస్తాం. తెర మీద ఆ శ్రోత ఒక పేరుగా, ఒక్కోసారి పేరైనా లేని అంకెగా మిగిలిపోతాడు. మాట వినబడకపోతే అతడు చెయ్యి ఊపడు, వెళ్లిపోతాడు. వెళ్లిపోయిన సంగతి కూడా మనకు తెలియదు. అందువల్ల విషయం ఎంపిక నుంచి రికార్డింగు దాచేవరకు నువ్వు తీసుకునే ప్రతి నిర్ణయంలోనూ, కనిపించని ఆ మనిషికి కుర్చీ వేశానా లేదా అని చూసుకో. ఆ మనిషి గాజువాకలో షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన ఉక్కు కార్మికుడు కావచ్చు, పాడేరు అవతల ఒక ఊళ్లో సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటున్న ఉపాధ్యాయురాలు కావచ్చు, వంట చేస్తూ ఫోను గూట్లో పెట్టుకుని వింటున్న గృహిణి కావచ్చు. వీళ్లెవరికీ మన సభామందిరం మెట్లెక్కే అవకాశం లేదు, ఆన్‌లైన్ ప్రసంగం అనేది ముఖ్యంగా వీళ్ల కోసమే.

మొదట విషయం గురించి చెబుతాను, ఎందుకంటే మిగతా ఏర్పాట్లన్నీ ఎంత బాగున్నా విషయం మనసుకు తగిలేది కాకపోతే ఎవరూ రారు. ప్రసంగం శీర్షిక ఈ ఊరివాళ్లు నిజంగా అడుగుతున్న ప్రశ్నలా ఉండాలి. ఉదాహరణకు తీర ప్రాంత భూగర్భ శాస్త్రం చదివిన ఒక ఆచార్యుడిని నువ్వు పిలిచావనుకో. ఆయన ‘తీరంలో అవక్షేపాల చలనం: ఒక పరిశీలన’ అని శీర్షిక పంపిస్తాడు. అది ఆయన విభాగంలో సరిపోతుంది. అదే ప్రసంగానికి ‘ఆర్కే బీచ్ ఇసుక ఎక్కడికి పోతోంది?’ అని పేరు పెట్టు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుందని, 1970లలో కట్టిన ఔటర్ హార్బరు అడ్డుగోడలు ఆ దారిని ఆపుతాయని, అందుకే అక్కడ పేరుకున్న ఇసుకను తవ్వి తిరిగి బీచ్‌కు చేర్చవలసి వస్తోందని విన్నప్పుడు, బీచ్ రోడ్డు మీద రోజూ నడిచే మనిషి తాను చూసినదానికి కారణం తెలుసుకుంటాడు. శాస్త్రం ఏమీ తగ్గలేదు, గుమ్మం మాత్రం కిందికి దిగింది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల గురించి, తొట్లకొండ బౌద్ధ ఆరామం గురించి కూడా ఇలాగే ఆలోచించు.

అదే ఇసుక ప్రసంగానికి ఆచార్యుడితో పాటు జాలరిపేట నుంచి ఒక పెద్దాయనను కూడా వక్తగా పిలవమని నా సలహా. నలభై ఏళ్లుగా ఆ ఒడ్డు నుంచే పడవ దించిన మనిషికి ఒడ్డు ఎంత వెనక్కి జరిగిందో తెలుసు, ఆ జ్ఞానానికి వేదిక మీద సమాన గౌరవం దక్కాలి. తూర్పు తీరంలో మరపడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో అయితే వాళ్లు ఒడ్డున ఉంటారు. ఆయన ఇంట్లో ఫోను ఇచ్చి మాట్లాడమనకు. మీ విద్యార్థి ఒకరు ఇయర్‌ఫోన్లు, ఫోను స్టాండు తీసుకుని ఆయన దగ్గరకే వెళ్లి పక్కన కూర్చోవాలి.

భాష విషయంలో మొహమాటపడవద్దు. స్లైడ్ల మీద ఆంగ్ల పదాలు ఉంటే ఉండనీ, మాట మాత్రం తెలుగులో సాగాలని వక్తకు ముందే రాతపూర్వకంగా చెప్పు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే చదువు అందించిన ఆ మనిషికి దండ వేసి, ఆ సాయంత్రం ప్రసంగం మాత్రం ఊరివాళ్లకు అర్థం కాని భాషలో పెట్టడం నాకు బాధ కలిగించే విషయం. స్లైడ్లలో అక్షరాలు అరచేతిలోని ఫోను మీద చదవగలిగినంత పెద్దవిగా ఉండాలి. నీ ఫోనులో తెరిచి, చేయి చాచి పట్టుకుని చదివి చూడు.

సమయం నిర్ణయించేటప్పుడు ఇక్కడి శ్రోతకే మొదటి చోటు ఇవ్వు. విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు వినాలని కోరడం మంచిదే. మనకు సాయంత్రం 7 గంటలైతే న్యూయార్కులో వేసవిలో ఉదయం 9.30, చలికాలంలో 8.30 అవుతుంది, మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు మారుస్తారు కనుక ఆహ్వానంలో ఏ రోజుకు ఏ సమయమో సరిచూసి వేయి. అక్టోబరు, నవంబరు నెలల్లో పెట్టే ప్రతి ప్రసంగానికీ ప్రత్యామ్నాయ తేదీ ముందే అనుకుని ఉంచు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేకుండా ఈ ఊరు ఎలా గడిపిందో నీకు గుర్తుండే ఉంటుంది.

ఇక సాంకేతిక ఏర్పాట్లు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు సమావేశం ఆగిపోతుంది, వందమందికి మించి పట్టరు. గూగుల్ మీట్ ఉచితంగా వాడితే బృంద సమావేశానికి గంటే గడువు. విశ్వవిద్యాలయం తరఫున ఖాతా కొనడానికి అనుమతి కాగితం బల్లలన్నీ తిరగడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టు. యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం మొదటిసారి చేయబోతుంటే ఆ సదుపాయం తెరుచుకోవడానికే 24 గంటల దాకా పట్టవచ్చు, ప్రసంగం రోజు పొద్దున్న గుర్తుకు వస్తే ప్రయోజనం ఉండదు.

నా చేదు అనుభవం ఒకటి చెప్పాలి. మొదటి ఏడాదిలో ఒక కార్యక్రమానికి సమావేశం లింకును పోస్టరు మీదే అచ్చువేసి అందరికీ పంపాం. ప్రసంగం మధ్యలో ఎవరో లోపలికి వచ్చి తెర మీద చూడకూడని బొమ్మలు గీశారు. మాట్లాడుతున్న పెద్దావిడ డెబ్బై దాటిన మనిషి. ఆమె ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ‘నేను ఆపేయనా నాయనా?’ అని నన్ను అడిగింది. ఆ గొంతు నేను ఈనాటికీ మరచిపోలేదు. తప్పు పూర్తిగా ఏర్పాటు చేసిన మాదే. అప్పటి నుంచి సమావేశం లింకు వక్తలకు, పేరు నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రమే వెళ్లాలనీ, ప్రజలందరికీ యూట్యూబు లింకు ఇవ్వాలనీ నియమం పెట్టుకున్నాను. తెర పంచుకునే అధికారం, తెర మీద గీసే అధికారం నిర్వాహకులకు తప్ప ఎవరికీ ఉండకూడదు; వచ్చినవాళ్లు మొదట నిరీక్షణ గదిలో ఆగాలి, లోపలికి రాగానే వాళ్ల మైకు మూసి ఉండాలి. ఇవన్నీ చూసుకోవడానికి నువ్వు కాక మరో ఇద్దరు కావాలి: ఒకరు తలుపు దగ్గర, ఒకరు ప్రశ్నల దగ్గర. సంధానకర్తగా మాట్లాడే మనిషి ఈ పనులు కూడా చేయబోతే రెండూ చెడతాయి.

రిహార్సల్ తప్పనిసరి, అది కూడా ప్రసంగం జరిగే వేళకే, వక్త కూర్చోబోయే గదిలోనే, వాడబోయే కంప్యూటరు మీదే జరగాలి. మధ్యాహ్నం నిశ్శబ్దంగా ఉన్న గది సాయంత్రం ఏడింటికి పక్కింటి టీవీతోనూ వీధిలోని హారన్లతోనూ నిండిపోవచ్చు. వెలుగు మొహం మీద పడాలి, కిటికీ వీపు వెనుక ఉండకూడదు. చిత్రం కంటే ధ్వని ముఖ్యమని గట్టిగా పట్టుకో. బొమ్మ ఆగిపోయినా మాట స్పష్టంగా ఉంటే శ్రోత ఉంటాడు, మాట ముక్కలైతే ఎంత అందమైన చిత్రమైనా అతడిని ఆపలేదు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్లు, ఇన్వర్టరు, రెండో కంపెనీ సిమ్ ఉన్న ఫోను, నీ దగ్గర స్లైడ్ల ప్రతి ఒకటి సిద్ధంగా ఉంచు.

కార్యక్రమం సరిగ్గా చెప్పిన నిమిషానికి మొదలుపెట్టు. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీది పెద్దలందరి పలుకులు, ఒక్కొక్కరికీ స్వాగతం సభలో చెల్లుతాయి కానీ ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర చెల్లవు. వక్త పరిచయం రెండు నిమిషాలు, ప్రసంగం నలభై నిమిషాలు, ప్రశ్నలకు కనీసం అరగంట. పెద్ద పదవిలో ఉన్నవారు మధ్యలో మాట్లాడతామంటే ఎలా కాదనాలని నువ్వు అడుగుతావు. వారిని ముందే కలిసి, ప్రశ్నల భాగానికి మొదటి ప్రశ్న వారే వేయమని అడుగు. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ప్రశ్నల అరగంటే ఈ కార్యక్రమానికి ప్రాణం. టైపు చేయడం రాని పెద్దవాళ్లు, పదిమంది ముందు మైకు తెరవడానికి జంకే ఆడపిల్లలు ప్రశ్నలు లేనివాళ్లు కారు. ప్రసంగానికి మూడు రోజుల ముందు నుంచి ఒక వాట్సాప్ నంబరు ఇచ్చి, ప్రశ్నను మాటల్లో రికార్డు చేసి పంపమను. సంధానకర్త ప్రతి ప్రశ్ననూ అడిగినవారి పేరు, ఊరితో కలిపి పైకి చదవాలి. ‘నర్సీపట్నం నుంచి ఫలానా అమ్మాయి అడుగుతున్నది’ అన్నప్పుడు ఆ అమ్మాయికి మాత్రమే కాదు, ఆ ఊళ్లో వింటున్న ప్రతివారికీ తాము సభలో ఉన్నామని తెలుస్తుంది. ప్రశ్న పేరుతో ఉపన్యాసం మొదలుపెట్టేవారిని మర్యాదగానే ఆపి ప్రశ్న అడగమనాలి. సమయం చాలక మిగిలిన ప్రశ్నలకు వారంలోపు వక్త చేత రెండేసి వాక్యాల సమాధానం రాయించి, అడిగినవారికి పంపు. ఈ ఒక్క పని చేస్తే వాళ్లు తరువాతి ప్రసంగానికి తమంతట తామే వస్తారు.

పాల్గొన్నవారికి సర్టిఫికెట్లు ఇవ్వమని నీ మీద ఒత్తిడి వస్తుంది. 2020లో ఆ అలవాటు వరదలా వచ్చింది. ఫారం నింపితే చాలు కాగితం వచ్చేది, పేరు పెట్టి వెళ్లిపోయినవాళ్లకూ వచ్చేది. ఇవ్వవద్దని నా అభిప్రాయం. సంఖ్య తగ్గుతుంది, తగ్గనీ. అదే పట్టుదలతో వక్తకు గౌరవ పారితోషికం మాత్రం ఇప్పించు. ఇంట్లో కూర్చుని మాట్లాడారు కదా అని ఏమీ ఇవ్వకుండా ఊరుకోవడం, ఆయన సిద్ధపడిన రోజులను లెక్కలోకి తీసుకోకపోవడమే.

ఒక్కొక్కరూ ఒక్కో ఫోనులో వినడం కంటే నలుగురూ కలిసి వినే ఏర్పాటు చేయగలిగితే అది నిజమైన ప్రజా ప్రసంగం అవుతుంది. అరకులోనో చోడవరంలోనో ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి, తరగతి గదిలో తెర, స్పీకరు పెట్టించి, ఊరివాళ్లను పిలిపించు. అక్కడ మీ విద్యార్థి ఒకరు ఉండి వాళ్ల ప్రశ్నలు నీకు అందించాలి. ప్రతిసారీ ఒక్క కేంద్రం చాలు. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం వంటి చోట్ల కూడా అడిగి చూడవచ్చు. సభామందిరంలోనూ ఆన్‌లైన్‌లోనూ ఒకేసారి జరపడం అన్నిటికన్నా కష్టం కాబట్టి మొదటి నాలుగైదు ప్రసంగాల దాకా దాని జోలికి పోవద్దు. ఎప్పుడు చేసినా హాలు మైకు ధ్వనిని మిక్సరు నుంచి నేరుగా కంప్యూటరుకు తీసుకో.

రికార్డింగుకు వక్త అనుమతి కాగితం మీద తీసుకో. శ్రోతల మొహాలు, చాట్‌లో వాళ్లు రాసినవి రికార్డులో లేకుండా చూడు. నమోదు పత్రంలో పేరు, ఊరు, ఫోను నంబరు మించి అడగకు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, అది రాకపోయినా అక్కరలేని వివరాలు అడగడం మర్యాద కాదు. ప్రారంభంలో సినిమా పాట వేస్తే హక్కుల చిక్కు వచ్చి ప్రసంగం మొత్తం యూట్యూబు నుంచి పోవచ్చు. వీడియో కింద ఏ నిమిషంలో ఏ విషయం ఉందో తెలుగులో రాయించు, గంటన్నర చూడలేనివాళ్లు తమకు కావలసిన పది నిమిషాలు వింటారు.

రిహార్సల్ తేదీ ఖరారు కాగానే నాకు తెలియజేయి. ఆ సాయంత్రం నేను వైఫై లేకుండా, ఫోను మీద మాత్రమే, మా డాబా మెట్ల మీద కూర్చుని వింటాను. ఏ నిమిషంలో మాట తెగిందో, ఏ స్లైడు చదవలేకపోయానో కాగితం మీద రాసి ఆ రాత్రికే నీకు చదివి వినిపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు