తలకిందుల జెల్లచేపకు బోరు నీళ్లు పడతాయా?

ప్రశ్న: మూడడుగుల అక్వేరియం కొత్తగా పెట్టి, తలకిందులుగా ఈదే ఆఫ్రికా జెల్లచేపలు నాలుగు వేశామండి. వారంలో రెండు పోయాయి. మిగతావి పగలంతా రాయి వెనకే ఉంటున్నాయి, మేత ముట్టడం లేదు. నీళ్లు బోరువే, తేటగా ఉన్నాయి. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ముందు నీళ్లనే అనుమానించాలి. ఇది కాంగో నదీ ప్రాంతపు చేప, ఉప్పు పడదు. మీ వైపు చాలా బోర్లలో ఉప్పు తగులుతుంది, అది కంటికి కనిపించదు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, 400 పీపీఎం దాటితే ఆ నీళ్లు వద్దు. కుళాయి నీళ్లు పట్టి, క్లోరిన్ విరుగుడు మందు సీసా మీది కొలత ప్రకారం కలిపి వాడండి. అచ్చంగా ఆర్వో నీళ్లు పోయడమూ తప్పే. పీహెచ్‌ని, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని నిలబెట్టే లవణాలు అందులో ఉండవు, కొన్నాళ్లకు పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే చాలు. బోరు నీళ్ల నుంచి కుళాయి నీళ్లకు మార్చేటప్పుడు రోజుకు పదో వంతు చొప్పునే మార్చండి.

రెండో అనుమానం, తొట్టి కొత్తది కావడం. చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా టెస్ట్ కిట్‌తో చూస్తూ, అమ్మోనియా గానీ, అది విరిగితే వచ్చే నైట్రైట్ గానీ కనిపించిన రోజున పావు వంతు నీళ్లు మార్చి, మేత సగానికి తగ్గించండి. ఈ రెండూ సున్నాకు వచ్చాకే కొత్త చేపలు వేయాలి. అప్పుడు మాత్రం మళ్లీ నాలుగైదు ఉండేలా చూడండి, ఇది గుంపులో ధైర్యంగా ఉండే చేప.

దాక్కోవడం జబ్బు కాదు, ఇవి రాత్రి తిరిగేవి. లైటు ఆర్పిన అరగంటకు మేత వేయండి. సగానికి కోసిన మట్టికుండ బోర్లిస్తే దాని కప్పుకింద వేలాడతాయి. పొట్ట వీపుకన్నా నల్లగా ఉండడం వీటి సహజ రంగే. వలతో మాత్రం పట్టకండి. రెక్కల ముళ్లు బిగుసుకుని వలలో ఇరుక్కుంటాయి, లాగితే చేప గాయపడుతుంది. ప్లాస్టిక్ డబ్బాతో ముంచి తీయండి. పొలుసుల్లేని చేప కాబట్టి చెరువులకు వాడే మందులేవీ తొట్టిలో వేయవద్దు.

ప్రశ్న: మే నెలలో నీళ్లు 32 డిగ్రీలకు పోతున్నాయి. ఐసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: వద్దు, వేడి ఒక్కసారిగా పడిపోతే చేప తట్టుకోలేదు. మూత తీసి జాలీ వేసి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే కలపాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు, తొట్టిలోనే మిగులుతుంది. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఉండి తీరాలి.

ప్రశ్న: ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్ల అని ఇచ్చారు. మన మార్పు చేపలా ఉంది. పెంచవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: నాలుగు జతల మీసాలు, వీపు పొడవునా తోక దాకా రెక్క ఉంటే అది పైన చెప్పిన తలకిందుల జెల్లచేప కాదు. మన మార్పుకూ ఈ గుర్తులే ఉంటాయి గానీ, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అని ఇచ్చింది నిజమైతే అది వేరే జాతి. మన దేశంలో దాని పెంపకం నిషేధం. మీటరు దాటి పెరుగుతుంది, తోటి చేపలను తినేస్తుంది. ఎట్టి పరిస్థితిలోనూ కాలువలో గానీ చెరువులో గానీ వదలకండి, మన చేపలకు అది ముప్పు. మత్స్యశాఖ కార్యాలయానికి తెలియజేయండి. అందాకా మూత మీద బరువు పెట్టండి, గాలి పీల్చగల చేప గనుక బయటికొచ్చి నేలమీద పాకుతుంది.