పక్షవాతం మందుల మీద పరిశోధన... మా అమ్మాయి దారి సరైనదేనా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఫార్మసీ ఆఖరి సంవత్సరం. పక్షవాతం రోగులకు ఇచ్చే మందులు మెదడుకు వెళ్లే రక్తాన్ని ఎలా మారుస్తాయో పరిశోధిస్తానంటోంది. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం చూసుకోమంటే వినడం లేదు. దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉందండీ. కానీ పీహెచ్‌డీ దాకా ఆగే ఓపిక ఉంటేనే దిగాలి.

ముందు ఆ విషయం ఎంత చిక్కుదో చూడండి. రక్తనాళాలను వెడల్పు చేసే మందు ఇస్తే మెదడుకు రక్తం బాగా అందుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మెలిక అక్కడే ఉంది. పూడుకుపోయిన నాళానికి అవతలి చిన్న నాళాలు అప్పటికే సాగగలిగినంత సాగి ఉంటాయి. మందు పడగానే బాగున్న భాగంలోని నాళాలు తెరుచుకుని, దెబ్బతిన్న భాగానికి వెళ్లాల్సిన రక్తాన్ని లాగేసుకోవచ్చు. మెదడు నాళాలను వెడల్పు చేసే ఎసిటజోలమైడ్ అనే మందు ఇచ్చి, ముందూ తర్వాతా స్కాన్ తీసి, ఏ వైపు నాళాలకు ఇంకా సాగే శక్తి మిగిలిందో డాక్టర్లు చూసేది ఇందుకే. బీపీ మందులతోనూ జాగ్రత్తే. రక్తపు గడ్డ అడ్డుపడి పక్షవాతం (స్ట్రోక్) వచ్చిన మొదటి గంటల్లో బీపీ ఒక్కసారిగా దించితే, అందే కాస్త రక్తమూ తగ్గిపోవచ్చు. నాళాలను సడలించే నిమోడిపిన్ అనే మందు సంగతి చూడండి. మెదడులో ఉబ్బిన ధమని పగిలి రక్తస్రావమైనవాళ్లకు అది పనికొచ్చింది, గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్‌లో మాత్రం ఆశించిన మేలు కనిపించలేదు.

కాబట్టి మందు తెలిస్తే చాలదు, రక్తప్రసరణను కొలవడమూ రావాలి. ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ (అల్ట్రాసౌండ్‌తో మెదడు నాళాల్లో రక్తవేగం చూసే పరీక్ష), పెర్ఫ్యూజన్ సీటీ (మెదడులో ఏ భాగానికి ఎంత రక్తం అందుతోందో చూపే స్కాన్) లాంటివి ఫార్మసీ క్లాసులో పెద్దగా చెప్పరు, ఆస్పత్రిలోనే నేర్చుకోవాలి.

అమ్మాయిని ఒకటే అడగండి: ల్యాబ్‌లో ఎలుకల మీద పనా, వార్డులో రోగుల దగ్గరా? ల్యాబ్ అయితే జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఫార్మసీ ఫార్మకాలజీలో (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే విభాగం) చేరాలి. అది ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉంది. జాతీయ ఫార్మా విద్యాసంస్థ అయిన హైదరాబాద్ నైపర్‌కైతే వేరే ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. వార్డు అయితే బీఫార్మసీ తర్వాత ఆస్పత్రిలో రోగుల మందుల మీద శిక్షణ ఇచ్చే 3 ఏళ్ల ఫార్మ్‌డీ. నా ఓటు దీనికే, ఎందుకంటే తన ప్రశ్న రోగుల గురించి. కాలేజీ భవనం చూసి మోసపోకండి. అనుబంధ ఆస్పత్రిలో న్యూరాలజీ విభాగం ఉందా, విద్యార్థులను రౌండ్స్‌కు రానిస్తారా అని కనుక్కోండి. పీహెచ్‌డీకి బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య పరిశోధన సంస్థల నోటిఫికేషన్లలో అర్హతలు ఇప్పుడే చూసిపెట్టుకోవాలి.

ఫార్మ్‌డీ చేసినా మందు రాసే అధికారం మాత్రం వైద్యం చేసే డాక్టరుదే, అది తనకు ఇప్పుడే తెలియాలి. డబ్బు టెన్షన్ ఉంటే ఫార్మ్‌డీ తర్వాత క్లినికల్ రీసెర్చ్, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను గమనించి నమోదు చేసే పని) ఉద్యోగాలున్నాయి. ఈలోగా ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు స్ట్రోక్ మందుల మీదే చేయమనండి. ఆసక్తి నిలుస్తుందో లేదో మీకూ తెలుస్తుంది.