"మా అమ్మాయి ఏం చదువుతోందని చెప్పాలి?"

పలమనేరు దగ్గర మామిడి తోట ఉన్న ఒక తండ్రి, చదువుల మీద సలహాలిచ్చే నాకు రాశారు. కూతురు తిరుపతిలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి ఏడాది. జనం ఎలా బతుకుతున్నారో కొలిచి, ఆ లెక్కల్ని బట్టి ప్రభుత్వం ఏం చేయాలో చెప్పే 'జీవన నాణ్యత' చదువు చదువుతానంటోందట. బంధువులేమో బెంగళూరు పంపి డేటా సైన్స్ కోర్సు చేయించమంటున్నారు. "రెండిట్లో ఏది మేలు? ఉద్యోగాలుంటాయా? ఎవరైనా అడిగితే మా అమ్మాయి ఏం చదువుతోందని చెప్పాలి?" అని అడిగారు.

అన్నా, ఈ మూడింట్లో మీకు నిద్ర పట్టనీయనిది చివరిదే. నేను వారానికి ఒకసారైనా వినే మాటే ఇది, కోర్సు పేరు మాత్రం మారుతుంటుంది. ఇంజనీరింగ్ అంటే ఎదుటివాళ్లు ఇంకేం అడగరు, 'జీవన నాణ్యత' అంటే మాత్రం పెళ్లి భోజనాల దగ్గర పది నిమిషాలు విడమర్చి చెప్పాలి. ఆ పది నిమిషాలు తప్పించుకోవడానికి పిల్ల దారి మార్చేస్తారా?

చెప్పడం అంత కష్టమేం కాదు. తోతాపురికి ధర పలికిన ఏడు ఎవరైనా వచ్చి మీ ఆదాయం అడిగితే ఒక లెక్క వస్తుంది, ధర పడిపోయిన ఏడు అడిగితే ఇంకోటి. ఇల్లు అదే, మనుషులు వాళ్లే. దేశాల్లో జనం ఎలా ఉన్నారో పోల్చడానికి 1990లో ఐక్యరాజ్యసమితి మొదలుపెట్టిన మానవాభివృద్ధి సూచీ ఆదాయం పక్కన ఆయుష్షునూ చదువునూ పెట్టింది, ఆదాయం ఒక్కటే చూస్తే బతుకు తెలియదనే. మన నీతి ఆయోగ్ బహుముఖ పేదరికం లెక్కలో అయితే ఆదాయం ఊసే లేదు, వంట దేంతో చేస్తారు, మరుగుదొడ్డి ఉందా, బ్యాంకు ఖాతా ఉందా, ఇలా 12 విషయాలు చూస్తారు. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఈ పనే.

2018లో కేంద్రం 111 నగరాలకు ఈజ్ ఆఫ్ లివింగ్, అంటే బతకడానికి ఎంత అనువుగా ఉన్నాయో చెప్పే ర్యాంకులిస్తే తిరుపతికి నాలుగోది వచ్చింది. అందరం గొప్పగా చెప్పుకున్నాం, అది ఎలా వచ్చిందని ఎంతమందిమి అడిగాం? ఇక్కడుండే జనాన్నే "మీకెలా ఉంది?" అని అడిగి, ఆ జవాబులకు 30 శాతం వెయిటేజీ ఇవ్వడం 2020 సూచీలో గానీ రాలేదు. యాత్రికుల రద్దీలో రోడ్డు దాటలేక నిలబడిపోయిన ముసలామె మాటకు లెక్కలో చోటుందా లేదా అని చూసేవాళ్లు కావాలి కదా.

ఇంకో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత అని తేలింది. అది వేలి కొన గుచ్చి తీసిన రక్తంతో చేసిన లెక్క. సిర నుంచి తీస్తే ఇంకోలా వస్తుందని నిపుణులు వాదించుకుంటున్నారు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అలా తీసి చూసే సర్వే చేపట్టింది. సూది ఎక్కడ గుచ్చారన్నదాన్ని బట్టి కూడా అంకె మారొచ్చన్నమాట.

ఇక డేటా సైన్స్. నేను దానికి శత్రువుని కాదు గానీ, ఆరు నెలల్లో ఉద్యోగం అని చెప్పి లక్షల్లో ఫీజు తీసుకునే కోర్సులంటే నాకు నమ్మకం లేదు. అప్పు చేసి చేరి, సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చిన పిల్లలున్నారు. మీ అమ్మాయికి అసలు సరుకు, అంటే స్టాటిస్టిక్స్, చేతిలోనే ఉంది. డేటా సైన్స్‌లో వాడే కంప్యూటర్ భాష పైథాన్ ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది కాబట్టి సాఫ్ట్‌వేరే అని మీరు అప్పుడే రాసిపెట్టుకున్నట్టున్నారు, ఆ సంగతి ఆమెకు చెప్పారా?

అయితే ఆమె దారిలోనూ ఇబ్బందులున్నాయి, దాచను. సర్వే పనులు చాలావరకు కాంట్రాక్టే, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి, మొదటి రెండు మూడేళ్లు జీతం చూసి మీ బావమరిది నవ్వొచ్చు. 'హ్యాపీనెస్ ఇండెక్స్' అంటూ, జనం సంతోషాన్ని కొలిచే దేశమని భూటాన్ పేరు చెప్పి మురిసిపోయే సెమినార్ల కోసమే ఆమె వెళుతుంటే మాత్రం నేనూ వద్దనే అంటాను.

పోలిక అడిగి నాతో చీవాట్లు తిన్నారు, ఏమనుకోకండి. చదువు విషయానికొస్తే ముంబైలో ఆ కుటుంబ ఆరోగ్య సర్వే నడిపే జనాభా అధ్యయన సంస్థ ఉంది, అంత దూరం వద్దనుకుంటే తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనే (ఎస్వీయూ) స్టాటిస్టిక్స్ ఉంది, జనాభా అధ్యయనాల విభాగమూ ఉంది. స్టాటిస్టిక్స్ డిగ్రీతో ఏపీపీఎస్సీ అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ (ఏఎస్‌ఓ) పోస్టులు, యూపీఎస్సీ ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ రెండూ రాయొచ్చు. వాటి సిలబస్ గూగుల్లో దొరుకుతుంది, నేను మళ్లీ రాయను. ఫీజు కట్టే ముందు ఈ సెలవుల్లో ఆమెను మీ ఊరి ఆశా వర్కర్‌తో పాటు పది ఇళ్లు తిరిగి రమ్మనండి. ఎండలో తిరిగి, నాలుగు తలుపులు మొహం మీద వేయించుకుని, ఇంటికొచ్చాక కూడా ఇదే పని కావాలంటే మీరిక అడ్డుపడొద్దు.

అన్నట్టు, మీరు రాసిన రెండు పేజీల్లో ఆమె అలా ఎందుకంటోందో ఒక్క వాక్యమూ లేదు. ఈసారి ఆమెనే రాయమనండి, పంపే ముందు మీరు చదివి దిద్దకండి.